పిల్లల పథకాల కోసం తల్లిదండ్రులు ఇచ్చే వివరాలు ఎక్కడికి వెళ్తున్నాయి?

తూరుపుగాలి | 6 డిసెంబరు 2025, ఉదయం 9:10

సభ్యులందరికీ నమస్కారం. మా చెల్లెలు రెండు నెలల క్రితం ప్రసవించింది. కాన్పుకు పుట్టింటికి వచ్చినందువల్ల మా ఊరి అంగన్‌వాడీ కేంద్రంలోనే ఆమె పేరు, బిడ్డ పేరు రాయించాము. గుడ్లు, పాలు ఇస్తున్నారు, బిడ్డకు ఆరు నెలలు నిండాక బాలామృతం ఇస్తారు, మాతృ వందన పథకం డబ్బు ఖాతాలో పడుతుంది. ఈ పథకాల మీద నాకు ఫిర్యాదు లేదు. మా అమ్మ బాలింతగా ఉన్నప్పుడు ఇవేవీ లేవు.

నన్ను ఆలోచనలో పడేసింది మా దగ్గర తీసుకున్న వివరాల జాబితా. ఆమె ఆధార్, భర్త ఆధార్ నకలు, బ్యాంకు పాసుపుస్తకం, ఫోను నంబరు, కులం, చివరి నెలసరి తేదీ, ఇదివరకు గర్భం పోయిందా అన్న ప్రశ్నకు జవాబు, రక్తం శాతం, ఆ పైన ఫోను ముందు నిలబెట్టి తీసిన ముఖం ఫొటో. ఇవి ఎందుకో, ఎవరు చూస్తారో, బిడ్డ బడికి వెళ్ళే వయసు వచ్చాక కూడా ఉంటాయో లేదో ఎవరూ చెప్పలేదు. వారం తిరగకుండానే పసిపిల్లల ఫొటోలు తీసే స్టూడియో నుంచి ఒకరు, ఆ మరునాడు బీమా ఏజెంటు ఒకరు మా చెల్లెలికి ఫోను చేశారు. ఆ నంబరు ఏ గుమ్మంలోంచి బయటికి పోయిందో తేలలేదు కాబట్టి ఎవరినీ వేలెత్తి చూపడం లేదు. కానీ బిడ్డకు తిండి కావాలంటే తల్లి ఇన్ని సంగతులు చెప్పవలసి వస్తున్నప్పుడు, చెప్పినవాటికి కాపలా ఎవరని అడిగే హక్కు ఆమెకు ఉండాలి కదా. ఈ విషయం తెలిసినవారు రాయగలరని మనవి.

పలకాబలపం | 6 డిసెంబరు 2025, మధ్యాహ్నం 1:45

నేను పద్నాలుగేళ్ళుగా అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. తూరుపుగాలి గారు అడిగినదాంట్లో న్యాయం ఉంది. అయితే ఇటువంటి మాట వచ్చినప్పుడల్లా ఎదురుగా ఫోను పట్టుకుని కూర్చున్న మనిషి మీదికే కోపం మళ్ళుతుంది కాబట్టి మా వైపు సంగతి కూడా చెప్పనివ్వండి.

2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ అనే కేంద్ర ప్రభుత్వ యాప్ వచ్చినప్పటి నుంచి మా రిజిస్టర్లలో ఉండేదంతా క్రమంగా ఫోనులోకి ఎక్కింది. 2025 జులై 1 నుంచి ఇంటికి తీసుకువెళ్ళే రేషనుకు ముఖ గుర్తింపు తప్పనిసరి అయింది. తల్లి ఆధార్ నంబరు కొట్టాలి, ఆధార్‌కు కట్టిన ఫోనుకు ఓటీపీ వస్తుంది, ఆ తరువాత ఆమె ముఖాన్ని ఆధార్‌లో ఉన్న ఫొటోతో పోలుస్తుంది. ఇది ఒకసారి అయితే చాలు, కానీ సరుకు ఇచ్చే ప్రతిసారీ ముఖం మళ్ళీ చూపించాలి. చెప్పడానికి రెండు వాక్యాలే. చేయడానికి కూర్చుంటే ఓటీపీ బెంగళూరులో కూలిపనికి పోయిన భర్త ఫోనుకు వెళ్తుంది, ఆయన పనిలో ఉండి ఎత్తడు. ఆధార్‌లో ఉన్నది ఆమె బడికి పోయే రోజుల నాటి ఫొటో, ఇప్పటి ముఖంతో కలవదు. ఇదివరకు అత్తగారో ఆడపడుచో వచ్చి తీసుకుపోయేవారు, ఇప్పుడు పచ్చి బాలింత పసిగుడ్డును వేసుకుని రావలసి వస్తోంది.

భర్త ఆధార్ విషయంలో తూరుపుగాలి గారికి ఒక మాట. మాతృ వందన పథకానికి అది పాత నిబంధనల్లో తప్పనిసరి. 2022 నుంచి అమలైన కొత్త నిబంధనల్లో తీసేశారు, భర్త వదిలేసిన స్త్రీలకు, పెళ్ళికాని తల్లులకు అది అడ్డం కాకూడదని. అయినా చాలా చోట్ల పాత అలవాటు కొద్దీ అడుగుతూనే ఉన్నారు. నేను కూడా నిరుటిదాకా అడిగాను, దాచుకోవడం ఎందుకు.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది యాప్ కాదు, వాట్సాప్. పంపిణీ జరిగిందని రుజువుగా గ్రూపులో ఫొటోలు పెట్టమంటారు. ఆ గ్రూపులో నలభై మంది ఉంటారు, మారిపోయినవారు, రిటైరైనవారు కూడా అందులోనే ఉంటారు. యాప్ తెరవనప్పుడు ఆధార్ కార్డు ఫొటో తీసి అందులోనే పంపుకుంటాం. ఆ ఫొటోలు ఎన్ని ఫోన్లలో పడి ఉన్నాయో లెక్కపెట్టేవారు లేరు.

లెక్కల పుస్తకం | 6 డిసెంబరు 2025, రాత్రి 8:20

నేను ప్రభుత్వ ఖజానాలో ముప్పై ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఇక్కడి చర్చ ఒక వైపుకే ఒరిగిపోతుందేమోనన్న అనుమానంతో రాస్తున్నాను.

కాగితాల కాలంలో ఏం జరిగిందో మరిచిపోకూడదు. ఒకే బిడ్డ పేరు రెండు కేంద్రాల్లో ఉండేది. ప్రైవేటు బడిలో చదివే పిల్లవాడు అంగన్‌వాడీ హాజరు పట్టీలో రోజూ కనిపించేవాడు. చనిపోయినవారి పేరు మీద పింఛను డ్రా అయ్యేది. ప్రభుత్వం ప్రజల సొమ్మును తల్లి ఖాతాలో వేస్తున్నప్పుడు, ఆ తల్లి ఎవరో, అర్హురాలో కాదో తెలుసుకోకుండా వేయడం కూడా ఒక తప్పే. అసలైనవారికి చేరవలసిన గుడ్డు బజారులో అమ్ముడుపోకుండా ఆపినది ఈ వివరాలే.

ఇంకొక మాట. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీ మన ఉమ్మడి రాష్ట్రంలో 2006లో మొదలై దేశానికే నమూనా అయింది. అక్కడ కూలీ పేరు, అతనికి ముట్టిన మొత్తం ఊరందరి ముందు పైకి చదువుతారు. ఆ చదవడంలోనే దొంగ మస్టర్లు బయటపడ్డాయి. గోప్యత పేరుతో జాబితాలను మూసేస్తే లాభపడేది పేద తల్లి కాదు, మధ్యలో నొక్కేసేవాడు.

ఆమ్‌స్టెల్ ఒడ్డు | 7 డిసెంబరు 2025, ఉదయం 6:30

లెక్కల పుస్తకం గారూ, మోసాన్ని అరికట్టాలన్న మీ మాటతో నాకు పేచీ లేదు. అయితే సరిగ్గా ఆ మాటతోనే మొదలై ఒక ప్రభుత్వాన్ని కూల్చేసిన వ్యవహారం నేనుండే దేశంలో జరిగింది. నేను తొమ్మిదేళ్ళుగా నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను, మా పాప డే-కేర్‌కు వెళ్తుంది, ఆ ఖర్చులో కొంత మాకూ ప్రభుత్వం ఇస్తుంది. అందువల్ల ఈ కథను ఆసక్తితో కాక భయంతో చదివాను. కాస్త పొడవుగా రాస్తే మన్నించండి.

ఇక్కడ శిశు సంరక్షణ సాయాన్ని ఇచ్చేది పన్నుల శాఖ. తల్లిదండ్రులిద్దరూ పనిచేస్తూ ఉండాలి. ఆదాయం తగ్గేకొద్దీ సాయం పెరుగుతుంది, అత్యల్ప ఆదాయం ఉన్నవారికి ఖర్చులో 96 శాతం దాకా వస్తుంది. ముందే ఒక అంచనా వేసి నెలనెలా అడ్వాన్సుగా మన ఖాతాలో వేసేస్తారు, సంవత్సరం ముగిశాక లెక్క తేలుస్తారు. ఈ లెక్క కోసం మా ఉద్యోగం, జీతం, పిల్ల ఏ నెలలో ఎన్ని గంటలు ఎవరి దగ్గర ఉంది, ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు, మా పౌరసత్వం ఏది అన్నవన్నీ ఒకే శాఖ చేతికి చేరుతాయి.

2013లో ఒక ముఠా బల్గేరియా నుంచి మనుషులను తీసుకువచ్చి, వారి పేరున సాయాలు రాబట్టి కాజేసిందని బయటపడింది. దేశమంతా మండిపడింది, పార్లమెంటు కఠినంగా ఉండమంది, శాఖ కఠినంగానే ఉంది. ఒక సంతకం లోపించినా, తల్లిదండ్రులు కట్టవలసిన సొంత వాటాలో కొద్ది యూరోలు తక్కువ పడినా, ఆ ఏడాదికి ఇచ్చిన సాయం మొత్తం వెనక్కి కట్టమన్నారు. పదుల వేల యూరోల నోటీసులు అందుకున్నవారిలో చాలామంది తక్కువ జీతాలవారు, ఒంటరి తల్లులు, వలస వచ్చిన కుటుంబాలవారు. కావాలనే చేశారనో, ఘోరంగా నిర్లక్ష్యం చేశారనో ముద్ర వేస్తే వాయిదాల్లో కట్టే అవకాశం కూడా పోయేది. ఇళ్ళు పోయాయి, కాపురాలు కూలాయి, ఆ కుటుంబాల పిల్లల్లో వెయ్యిమందికి పైగా ఇంటి నుంచి వేరుచేయబడి ఇతరుల సంరక్షణలోకి వెళ్ళారు. మొదట బాధితులు 26,000 మంది తల్లిదండ్రులన్నారు, ఇప్పుడు అధికారికంగా గుర్తించినవారి సంఖ్య 40,000 దాటింది.

ఇక మన విషయానికి వస్తాను. ఎవరి దరఖాస్తును మనిషి చేత తనిఖీ చేయించాలో ఎంచడానికి శాఖ ఒక కంప్యూటరు నమూనాను వాడింది. దరఖాస్తుదారు డచ్ పౌరుడా కాదా అన్నది ఆ నమూనాకు ఒక సూచిక. డచ్ పౌరసత్వంతో పాటు మరో దేశపు పౌరసత్వం కూడా ఉన్నవారి రెండో పౌరసత్వం వివరాన్ని శాఖ 2014 జనవరి తరువాత తన దగ్గర ఉంచుకోకూడదు, సాయం లెక్కకు దానితో పనే లేదు. కానీ 2018 మే నాటికి కూడా 14 లక్షల మంది రెండో పౌరసత్వం ఆ శాఖ కంప్యూటర్లలో అలాగే ఉంది. ఇక్కడి వ్యక్తిగత సమాచార రక్షణ సంస్థ దీనిమీద 2020 జులైలో నివేదిక ఇచ్చి, 2021 డిసెంబరులో పన్నుల శాఖకు 27.5 లక్షల యూరోల జరిమానా వేసింది. ఇది చాలదన్నట్టు, మోసం చేస్తారేమోనన్న అనుమానం ఉన్నవారి పేర్లతో 2,70,000 మందికి పైగా ఉన్న మరో జాబితా బయటపడింది. తాము అందులో ఉన్నామన్న సంగతే వారికి తెలియదు. దానికి 2022 ఏప్రిల్‌లో 37 లక్షల యూరోల జరిమానా పడింది. (వేసినదీ ప్రభుత్వ సంస్థే, కట్టినదీ ప్రభుత్వ శాఖే. ఎడమ జేబులో డబ్బు కుడి జేబులోకి పోయిందని మా ఆఫీసులో నవ్వుకున్నాం, కానీ ఆ నివేదిక లేకపోతే ఆ తల్లుల మాట ఎవరూ నమ్మేవారు కారు.)

తమ మీద ఉన్న ఫైలు చూపించమని అడిగిన తల్లిదండ్రులకు ఏమిచ్చారో తెలుసా? పేజీలకు పేజీలు నల్ల సిరా పులిమిన కాగితాలు. తమ గురించి తమకే కనబడని కాగితాలు. ఆ వ్యవహారం ముదిరి 2019 డిసెంబరులో సంబంధిత సహాయ మంత్రి మెన్నో స్నెల్ రాజీనామా చేశారు. ఏడాది తరువాత వచ్చిన పార్లమెంటరీ విచారణ నివేదికకు పెట్టిన పేరును తెలుగులో చెప్పాలంటే ‘కనీవినీ ఎరుగని అన్యాయం’ అనాలి. 2021 జనవరి 15న అప్పటి ప్రధాని మార్క్ రుట్టె మంత్రివర్గం మొత్తం తప్పుకుంది.

ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క హ్యాకరు లేడు. వివరాలు ఎక్కడికీ పోలేదు, ఇచ్చిన చోటే ఉన్నాయి. డే-కేర్ బిల్లు కోసం ఇచ్చిన వివరాలతో మనిషిని అనుమానించడం మొదలుపెట్టారు, అంతే.

చెరకుతోట | 7 డిసెంబరు 2025, ఉదయం 10:05

అంత పెద్ద దేశాల సంగతి నాకు తెలియదు గానీ, ఆమ్‌స్టెల్ ఒడ్డు గారు రాసినది చదువుతుంటే మా వదిన గుర్తుకొచ్చింది. పిల్లల కోసం తల్లి ఖాతాలో డబ్బు వేసే ఒక పథకంలో ఒక ఏడాది ఆమె పేరు అనర్హుల జాబితాలో వచ్చింది. కారణం దగ్గర కరెంటు వాడకం ఎక్కువని ఉంది. ఆమె ఇంట్లో ఉన్నవి రెండు బల్బులు, ఒక ఫ్యాను, పాత టీవీ. తీరా విచారిస్తే ఆమె ఆధార్ నంబరుకు మూడు మీటర్లు కట్టి ఉన్నాయి, అందులో ఒకటి ఆమె ఏనాడూ చూడని ఊళ్ళోని పిండిమరది. ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో చెప్పగలవారు దొరకలేదు.

మీటర్లు నావి కావని రాసివ్వమన్నారు. ఆ కాగితం పట్టుకుని కరెంటు ఆఫీసుకు వెళ్తే, మా దగ్గర మీ పేరే లేదు, తప్పు ఆధార్ వైపు ఉంటుందన్నారు. మీసేవకు వెళ్తే ఇది మా పని కాదన్నారు. రెండు నెలలు, ఆరు కూలి దినాలు పోయాయి. కరెంటు బిల్లు కోసం కరెంటువాళ్ళకు ఇచ్చిన నంబరు ఆమె పిల్లల డబ్బుకు అడ్డం పడుతుందని ఆ రోజు ఆమెకు ఎవరు చెప్పారు?

లెక్కల పుస్తకం | 7 డిసెంబరు 2025, మధ్యాహ్నం 12:30

చెరకుతోట గారి వదినగారికి జరిగినది అన్యాయమే. కానీ దానికి మందు తప్పును సరిదిద్దడం, పరిశీలనను ఎత్తివేయడం కాదు. బడి పిల్లల కోసం ఆంధ్రప్రదేశ్ ఇచ్చే తల్లికి వందనం పథకమే తీసుకోండి. ఒక్కో విద్యార్థికి 15,000 రూపాయలు, అందులో 13,000 తల్లి ఖాతాలోకి వెళ్తుంది. నెలకు సగటున 300 యూనిట్లు దాటి కరెంటు వాడేవారు, మూడెకరాలకు మించి మాగాణి ఉన్నవారు, కారు ఉన్నవారు, ఆదాయపు పన్ను కట్టేవారు వద్దని నిబంధన. కలిగినవారిని పక్కన పెట్టాలంటే కరెంటు, భూమి, రవాణా శాఖల పుస్తకాలు చూడక తప్పుతుందా? తల్లి చెప్పిన మాటనే నమ్మి ఇచ్చేయాలా?

మూసీ నీరు | 7 డిసెంబరు 2025, సాయంత్రం 5:50

చూడవలసిందే. చూసేవారు మనిషా యంత్రమా, చూసినది తప్పైతే నిరూపించవలసిన భారం ఎవరిది అన్నదే ప్రశ్న.

మా తెలంగాణలో సమగ్ర వేదిక అనే ఏర్పాటు ఉంది. సుమారు ముప్పై శాఖల పుస్తకాలను ఒకచోట చేర్చి, పేరును బట్టి, చిరునామాను బట్టి ఈ మనిషీ ఆ మనిషీ ఒకరేనని యంత్రం తేలుస్తుంది. మన పేర్ల సంగతి మీకు తెలియనిది కాదు. ఒకే వీధిలో ముగ్గురు లక్ష్ములు, నలుగురు మహబూబులు ఉంటారు, ఇంటిపేరు ఒక చోట ముందు, మరో చోట వెనుక, ఇంకో చోట ఒక్క అక్షరం. ఎవరిదో కారు ఇంకెవరి పేరుకో అంటుకుంటే రేషన్ కార్డు పోతుంది. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ పరిశీలించమని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించవలసి వచ్చింది. రేషన్ కార్డు పోతే బియ్యమే పోతాయని పైవారు అనుకుంటారు. ఆ కార్డు ఆధారంగా నడిచే ప్రతి పథకం గుమ్మంలోనూ ఆ తల్లి ఆగిపోతుంది.

జాబితాలు గోడ మీద పెట్టడం గురించి లెక్కల పుస్తకం గారు చెప్పినది సబబే. అయితే గోడ మీది జాబితా ఊరికే కనిపిస్తుంది, వెబ్‌సైటులో పెట్టినది ప్రపంచానికంతా. 2017 మేలో బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ ఒక నివేదికలో, నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్ల ద్వారానే దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడి ఉండవచ్చని లెక్కగట్టింది. ఆ నాలుగింట్లో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి హామీ చెల్లింపుల సైటు, చంద్రన్న బీమా సైటు. ఎవరూ తాళం పగలగొట్టలేదు, తలుపే వేయలేదు.

నల్లకోటు | 8 డిసెంబరు 2025, రాత్రి 9:40

ఇంతమంది ఇంత వివరంగా రాశాక చట్టం వైపు నుంచి కొన్ని మాటలు జోడిస్తాను. నేను జిల్లా కోర్టులో వకీలును, ఈ చట్టంలో పండితుణ్ణి కాను, కానీ పాఠం దగ్గర పెట్టుకునే రాస్తున్నాను.

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో వచ్చిన ఆధార్ తీర్పు సబ్సిడీలకు ఆధార్ అడగవచ్చునంది, కానీ ఆధార్ చూపలేకపోయినంత మాత్రాన ఏ బిడ్డకూ పథకాన్ని నిరాకరించకూడదని స్పష్టంగా చెప్పింది. 2019 సవరణతో ఆ మాట ఆధార్ చట్టంలోకే వచ్చింది. తల్లి ముఖం కలవలేదని బిడ్డ వాటా ఆపినవారికి ఈ సంగతి గుర్తుచేయవచ్చు.

ముఖం గురించి చాలామంది గమనించనిది ఒకటి ఉంది. ఆధార్ చట్టం వేలిముద్రను, కనుపాపను ‘మూల బయోమెట్రిక్’ అని పిలిచి, వాటిని ఏ కారణం చేతనూ ఇతరులతో పంచుకోకూడదని కట్టడి చేసింది. ఫొటో ఆ నిర్వచనంలో లేదు. చట్టం రాసిన 2016 నాటికి ఫొటో అంటే కార్డు మీద మసకగా కనబడే బొమ్మ. ఇవాళ అదే తాళంచెవి అయింది, కాపలా మాత్రం బొమ్మకు ఉన్నంతే ఉంది.

ఇక 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. దాని నియమాలు గత నెల, అంటే 2025 నవంబరులో ప్రకటించారు. ముఖ్యమైన బాధ్యతలు పద్దెనిమిది నెలల తరువాత, 2027 మేలో అమల్లోకి వస్తాయి. అందులో 7వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ, సేవ, ధ్రువపత్రం వంటివి ఇవ్వడానికి ప్రభుత్వం, మనం ఇదివరకు అంగీకరించి ఉంటే, లేదా మన వివరాలు ప్రభుత్వం నోటిఫై చేసిన ఏదైనా పుస్తకంలో ముందే ఉంటే, కొత్తగా అంగీకారం అడగకుండానే వాడుకోవచ్చు. చెరకుతోట గారి వదినగారి మీటరు పిల్లల పథకం దాకా నడిచి రావడానికి ఇకముందు దారి ఇదే.

ఆమ్‌స్టెల్ ఒడ్డు గారు చెప్పిన 14 లక్షల పౌరసత్వాల సంగతి దగ్గర నేను ఆగిపోయాను. అక్కడ నేరం ఏమిటి? తీసేయవలసినదాన్ని తీసేయకపోవడం, అక్కరలేని పనికి వాడడం. మన చట్టంలో పని పూర్తయిన వివరాలను తుడిచేయాలన్న బాధ్యత ఉంది, తుడిచేయమని అడిగే హక్కూ ఉంది. కానీ 17వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం, ప్రభుత్వం చేతిలో ఉన్న వివరాలకు ఈ రెండూ వర్తించవంటుంది. ప్రైవేటు డే-కేర్ నడిపేవారు తుడిచేయాలి, ప్రభుత్వం అక్కరలేదు. నా దృష్టిలో ఈ చట్టంలో తల్లిదండ్రులకు అన్నిటికంటే పెద్ద లోటు ఇదే. లీకైతే 250 కోట్ల దాకా జరిమానా అని పత్రికలు రాసినంతగా దీన్ని ఎవరూ రాయలేదు.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. సబ్సిడీల కోసం వివరాలు వాడేటప్పుడు పాటించవలసిన ప్రమాణాలను కొత్త నియమాల రెండో షెడ్యూలులో పెట్టారు. అవసరమైన మేరకే తీసుకోవాలి, ఆ పనికే వాడాలి, సరైనవిగా ఉండేలా చూడాలి, అవసరం ఉన్నంత కాలమే ఉంచాలి, సందేహాలకు జవాబు చెప్పే మనిషి ఎవరో తెలపాలి. చట్టం తీసేసినదాన్ని నియమం కొంత వెనక్కి ఇచ్చిందన్నమాట. కానీ నా వివరాలు ఎవరెవరికి ఇచ్చారో చెప్పమని అడిగే 11వ సెక్షన్ హక్కు, మనం అంగీకారంతో ఇచ్చిన వివరాలకు సంబంధించి రాసినది. అంగీకారం అక్కరలేదని తీసుకున్న సబ్సిడీ వివరాలకు అది పనిచేస్తుందా అన్నదానిమీద రేపు కోర్టుల్లో గట్టి వాదనే జరుగుతుంది.

ఆమ్‌స్టెల్ ఒడ్డు | 9 డిసెంబరు 2025, ఉదయం 6:15

నల్లకోటు గారూ, ఆ ఉపవిభాగం నాకు తెలియదు, చదివి కాసేపు ఏమీ తోచలేదు. ఇక్కడ కూడా చట్టం ఉండి ఏళ్ళ తరబడి ఎవరూ అడగలేదన్నది నిజమే, తల్లిదండ్రుల తరఫున ఒక న్యాయవాది, ఇద్దరు ముగ్గురు ఎంపీలు, రెండు వార్తాసంస్థలు పట్టు విడవకపోవడం వల్లనే బయటపడింది. కానీ చివరికి అడిగినప్పుడు, అడగడానికి ఒక వాక్యం చట్టంలో ఉంది.

లెక్కల పుస్తకం | 9 డిసెంబరు 2025, ఉదయం 11:00

నేను నా మొదటి మాటను పూర్తిగా వదులుకోవడం లేదు. అర్హతను పరిశీలించాలి, పంపిణీ జాబితా ఊరికి తెలియాలి. కానీ ఒక విషయం ఒప్పుకుంటాను. మా ఖజానాలో ప్రతి వోచరుకూ నిల్వ గడువు ఉండేది. ఇది మూడేళ్ళు, ఇది పదేళ్ళు, ఇది శాశ్వతం అని రాసి ఉండేది. గడువు తీరినవాటిని జాబితా రాసి, పై అధికారి సంతకంతో తగలబెట్టేవాళ్ళం. పాత కాగితానికి ఉన్న ఆ మర్యాద ఒక తల్లి గర్భస్రావం వివరానికి లేకపోవడం నాకు కూడా నచ్చలేదు. గోడ మీది జాబితాలో పేరు, ఊరు, ముట్టిన సరుకు ఉంటే తనిఖీకి సరిపోతుంది. కులం, ఫోను, ఆధార్ అక్కడ అక్కరలేదు.

పలకాబలపం | 9 డిసెంబరు 2025, మధ్యాహ్నం 2:20

గడువు అన్నారు కాబట్టి చెబుతున్నాను. మా ఫోను నిండిపోయినప్పుడే మా దగ్గర ఫొటోలు పోతాయి. అదొక్కటే మాకు తెలిసిన గడువు.

తూరుపుగాలి | 9 డిసెంబరు 2025, సాయంత్రం 4:00

నల్లకోటు గారూ, 2027 మే దాకా ఆగకుండా మా చెల్లెలి వంటివారు ఇవాళ చేయగలిగినది ఏదైనా ఉందా?

నల్లకోటు | 9 డిసెంబరు 2025, రాత్రి 10:15

కొద్దిగా ఉంది. నకలు అడిగిన చోట మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఆధార్ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. మామూలు జెరాక్సు ఇవ్వక తప్పకపోతే దాని మీద అడ్డంగా ఫలానా పథకానికి మాత్రమే అని రాసి, తేదీ వేసి సంతకం చేయండి. మన పెద్దలు రిజిస్ట్రారు ఆఫీసులో చేసేది ఇదే. గత ఆరు నెలల్లో ఆధార్‌ను ఎవరెవరు సరిచూశారో అదే వెబ్‌సైటులో కనబడుతుంది, నెలకొకసారి చూసుకోండి. అక్కరలేని భర్త ఆధార్ వంటివి అడిగితే, ఏ నిబంధన ప్రకారమో చూపించమని మర్యాదగా అడగండి. టీచరమ్మతో తగువు పెట్టుకోకండి, నిబంధన రాసినది ఆమె కాదు.

పెద్ద ప్రశ్నలకు సమాచార హక్కు దరఖాస్తు ఉంది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖకు పది రూపాయల రుసుముతో పంపవచ్చు. ఒక తల్లి వివరాలు కాక, వ్యవస్థ గురించి అడగండి: ముఖం ఫొటోలు ఎన్నేళ్ళు ఉంచుతారు, ఏ శాఖలకు ఇచ్చారు, లబ్ధిదారు వయసు దాటాక ఏం చేస్తారు. వ్యక్తిగత సమాచారమని తిప్పికొట్టే మినహాయింపును ఈ కొత్త చట్టం విస్తరించింది కాబట్టి, ప్రశ్నలో ఏ వ్యక్తి పేరూ రాకుండా జాగ్రత్త పడండి.

తూరుపుగాలి | 13 డిసెంబరు 2025, రాత్రి 7:30

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మా చెల్లెలితో కలిసి కేంద్రానికి వెళ్ళాను. పలకాబలపం గారు రాసినది చదివి ఉండడం వల్ల గొంతు పెంచకుండా మాట్లాడగలిగాను. మాతృ వందనకు భర్త ఆధార్ అక్కరలేదట కదా అంటే, టీచరుగారు పై అధికారికి ఫోను చేసి కనుక్కుని, ఆ జెరాక్సు ఫైలులోంచి తీసి మా చేతికే ఇచ్చారు. వాట్సాప్ గ్రూపులో మా చెల్లెలు, బిడ్డ ఉన్న ఫొటో ఉందా అని అడిగితే వెతికి చూపించారు. రెండు ఉన్నాయి. ఒకటి అక్టోబరు నెలది. అప్పటికి బిడ్డ వయసు తొమ్మిది రోజులు. టీచరుగారు తన వైపు నుంచి తొలగించారు, కానీ పెట్టి చాలా రోజులైనందున అందరి ఫోన్లలోంచి తొలగించే వీలు లేదని చూపించారు. గ్రూపులో నలభై మూడు మంది ఉన్నారు.

సమాచార హక్కు దరఖాస్తు ఈ ఉదయం పంపాను. నల్లకోటు గారు చెప్పిన మూడు ప్రశ్నలకు, లెక్కల పుస్తకం గారి మాట గుర్తొచ్చి నాలుగోది చేర్చాను: గడువు తీరిన వివరాలను తొలగించినట్టు ఎవరి సంతకంతో, ఏ పుస్తకంలో నమోదు చేస్తారు? జవాబుకు ముప్పై రోజుల సమయం ఉంది. వచ్చిన కాగితాన్ని పేర్లు తీసేసి ఇక్కడ పెడతాను.